పాత కాంబి ఆసిలోస్కోప్‌ని సర్వీసు చేయడం ఎలా?

"పాత స్కోప్ ఒకటి దొరికింది. అనలాగ్‌లో గీత చక్కగా వస్తోంది, డిజిటల్ బటన్ నొక్కగానే వేవ్ పిచ్చిపిచ్చిగా కనిపిస్తోంది. ఇది పాడైనట్టేనా?" మాటలు మారినా ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. తిరగేసి అడిగేవాళ్లూ ఉన్నారు: డిజిటల్‌లో బాగుంది, అనలాగ్‌లో ఏమీ లేదు అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే పనంతా వరసగా రాస్తే అందరికీ పనికొస్తుంది.

ఆసిలోస్కోప్ అంటే విద్యుత్ సిగ్నల్‌ని తెర మీద గీతగా గీసి చూపించే పరికరం. ఇది ఒకే పిక్చర్ ట్యూబు మీద అనలాగ్, డిజిటల్ స్టోరేజ్ రెండూ చూపించే కాంబి స్కోప్‌ల గురించి. టెక్‌ట్రోనిక్స్ 468, 2230, 2232, ఫిలిప్స్, ఫ్లూక్ పేర్లతో వచ్చిన పీఎం3394 లాంటి కాంబిస్కోప్‌లు, హామెగ్ హెచ్ఎం407, హెచ్ఎం1507 ఈ కోవలోవే. మోడల్‌ని బట్టి వివరాలు మారతాయి గానీ పని వరస మారదు.

థియరీ ఒక్క పేరా చాలు. ప్రోబ్ నుంచి వచ్చిన సిగ్నల్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని కావలసినంత తగ్గించేది), ప్రీయాంప్ (తొలి యాంప్లిఫయర్) దాటాక రెండు దారులుగా చీలుతుంది. అనలాగ్ దారి నేరుగా వర్టికల్ అవుట్‌పుట్ యాంప్‌కి, అక్కడి నుంచి ట్యూబుకి వెళ్తుంది. డిజిటల్ దారి ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది), మెమరీ, డీఏసీ (అంకెల్ని మళ్లీ సిగ్నల్‌గా మార్చేది) మీదుగా తిరిగొచ్చి అదే అవుట్‌పుట్ యాంప్‌ని, అదే ట్యూబుని చేరుతుంది. అంటే మొదలూ చివరా ఉమ్మడి, మధ్య భాగమే వేరు. అందుకే ఈ రకం స్కోప్‌లో అనలాగ్ నుంచి డిజిటల్‌కి మార్చే ఆ బటన్‌కి మించిన టెస్ట్ పరికరం లేదు. బోర్డుల మీద చేయి పెట్టేముందు దాన్ని పూర్తిగా వాడుకోండి.

ముందు ప్రాణం సంగతి

పవర్ సప్లై ప్రైమరీ వైపు 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. ప్లగ్గు పీకాక కూడా అది పెద్ద కెపాసిటర్లో కూర్చుని ఉంటుంది. ట్యూబు క్యాథోడ్ దగ్గర మైనస్ 2 వేల వోల్టుల ప్రాంతంలోనూ, యానోడ్ దగ్గర 10 వేల వోల్టులు, అంతకు పైగానూ ఉండొచ్చు. మామూలు మల్టీమీటర్ 1000 వోల్టులకి మించి తట్టుకోదు, దాంతో యానోడ్ కొలవబోకండి. హైవోల్టేజ్ ప్రోబ్ లేకపోతే ఆ కొలత మానేయండి, అది లేకుండానే చాలా పని అవుతుంది. లైవ్‌లో కొలిచేటప్పుడు ఒక చేయి వెనక్కి పెట్టుకోండి. ఉంగరాలు, లోహపు వాచీ తీసేయండి. ఇంట్లో మీరొక్కరే ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

ఏమేం కావాలి

- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్. వాడకం నేర్పే పుస్తకం కాదు, సర్క్యూట్లు, అడ్జస్ట్‌మెంట్ వరస ఉన్నది.
- మల్టీమీటర్, ఇంకో స్కోప్ (చవకదైనా సరే), 10 రెట్ల ప్రోబు.
- సీరీస్ బోర్డు (స్కోప్‌కి వెళ్లే కరెంటు దారిలో బల్బుని వరసగా కలిపేది), దానికి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు. ఎల్ఈడీ బల్బు పనికిరాదు.
- ప్రైమరీ వైపు స్కోప్‌తో చూడాల్సి వస్తే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్.
- కెపాసిటర్ డిశ్చార్జ్ చేయడానికి 10 కిలోఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్, బాగా ఇన్సులేషన్ ఉన్న తీగలతో.
- ఈఎస్ఆర్ మీటర్ (కెపాసిటర్ లోపలి నిరోధాన్ని కొలిచేది) ఉంటే మేలు. లేకపోతే రిపుల్ (డీసీ మీద మిగిలిపోయిన ఏసీ అలలు) చూసి నెట్టుకురావచ్చు.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్, కాంటాక్ట్ క్లీనర్.
- సైన్, స్క్వేర్, ట్రయాంగిల్ ఇచ్చే సిగ్నల్ జనరేటర్, 50 ఓమ్ టెర్మినేటర్.
- ట్రిమ్మర్లు తిప్పడానికి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్. ఇనుపది కెపాసిటర్ ట్రిమ్మర్‌కి తగిలితేనే విలువ మారిపోతుంది, తీయగానే మళ్లీ ఇంకోటి అవుతుంది.

1. ఆన్ చేయకుండా చూడండి

ఏళ్ల తరబడి మూలన పడున్న స్కోప్‌ని తేగానే ప్లగ్గులో పెట్టాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. వోల్టేజ్ సెలెక్టర్ సరైన చోట ఉందో లేదో, ఫ్యూజు మాన్యువల్ చెప్పిన విలువదేనో చూడండి. ఎవరో ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేసి ఉంటే లోపల ఒక కథ జరిగిందని అర్థం. మెల్లగా వంచి చూడండి, ఊడిన స్క్రూ దొర్లే చప్పుడు వస్తుందేమో.

2. కవర్ తీసి టార్చితో వెతకండి

ఏ కనెక్టర్ ఊడదీసినా ముందు ఫొటో తీయండి. దుమ్ము బ్రష్‌తో దులపండి. మొదట చూడాల్సింది మెయిన్స్ ఫిల్టర్ కెపాసిటర్లని. ఆ కాలపు మెటలైజ్డ్ పేపర్ కెపాసిటర్లకి, ముఖ్యంగా రీఫా పేరుతో వచ్చినవాటికి, పారదర్శకమైన పసుపు గోధుమ రంగు పూత ఉంటుంది. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ఆ పూతలో వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. ఆ పగుళ్లలోంచి తేమ లోపలికి పోతుంది. కరెంటు ఇచ్చిన కొన్ని నిమిషాలకో, గంటలకో అది పగిలి గదంతా ఘాటైన పొగ నింపుతుంది. పగుళ్లు లేకపోయినా నేనైతే తీసేస్తాను. ఎక్స్2 రకం (లైన్, న్యూట్రల్ మధ్య వేసేది) ఉన్నచోట ఎక్స్2, వై రకం (ఎర్త్‌కి వేసేది) ఉన్నచోట వై మాత్రమే వేయండి, విలువ మార్చకండి. మామూలు ఫిల్మ్ కెపాసిటర్ వేస్తే పని చేస్తుంది గానీ అది భద్రత కాదు.

తర్వాత ఎలక్ట్రోలైటిక్‌లు. ఉబ్బినవి సులువుగానే దొరుకుతాయి. డిజిటల్ బోర్డు మీద చిన్న సర్ఫేస్ మౌంట్ ఎలక్ట్రోలైటిక్‌లుంటే వాటి కాళ్ల దగ్గర సోల్డర్ మెరుపు తగ్గి మసకగా ఉందేమో చూడండి. లీకైనదాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో తాకితే చేపల వాసన వస్తుంది. అలాంటివి తీసేశాక కింద బోర్డుని ఆల్కహాల్‌తో కడగాలి, లేకపోతే రాగి ట్రాకులు తినేస్తూ పోతుంది.

కనిపించిన ప్రతి కెపాసిటరూ మార్చేయమని చెప్పేవాళ్లుంటారు. ఆ సలహా నాకు నచ్చదు. నూరు మారిస్తే ఒకదాన్నైనా తిరగేసి పెట్టడమో, ఒక ప్యాడ్ లేపడమో జరుగుతుంది, ఆ తర్వాత పాత ఫాల్టేదో కొత్త ఫాల్టేదో తెలియదు. పవర్ సప్లైలోవి, లీకైనవి, కొలతలో చెడ్డవి మార్చండి, చాలు.

3. బ్యాటరీని ఆలోచించి ముట్టుకోండి

డిజిటల్ భాగంలో సెట్టింగులు, కొన్ని మోడళ్లలో క్యాలిబ్రేషన్ విలువలు కూడా, బ్యాటరీ మీద బతికే ర్యామ్‌లో ఉంటాయి. బ్యాటరీ పీకితే అవి పోతాయి. ముందు మాన్యువల్‌లో ఏది ఎక్కడ నిలవ ఉంటుందో చూడండి. బ్యాటరీ గూడు వెనక ప్యానెల్ మీద ఉండి బయటి నుంచే మార్చగలిగితే, స్కోప్ ఆన్‌లో ఉండగా మార్చండి. అయితే ఆ పని 4వ అడుగు దాటి, స్కోప్ నిలకడగా ఆన్ అవుతోందని తేలాకే. పీఎం33 వరసలోవి ఇలా మామూలు ఏఏ సెల్స్ వాడతాయి, అవి కారిపోయి గూడు తుప్పు పట్టించడం చాలా మామూలు.

లోపల సోల్డర్ చేసిన లిథియం సెల్ అయితే, అదే వోల్టేజ్ ఉన్న ఇంకో సెల్‌ని డయోడ్ ద్వారా సమాంతరంగా తాత్కాలికంగా కలిపి, ఆపైన పాతది తీయండి. స్కోప్ ఆఫ్‌లో, ప్లగ్గు బయట. ఇది కుదరకపోతే మొత్తం క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సి వస్తుందని మనసు సిద్ధం చేసుకోండి.

ప్రోగ్రామ్ ఉన్న ఈప్రామ్‌లు (అల్ట్రావయొలెట్ వెలుగుతో చెరిగిపోయే, పైన గాజు కిటికీ ఉన్న మెమరీ ఐసీలు) సాకెట్లలో ఉంటే, రీడర్ ఉన్నవాళ్లు ఇప్పుడే కాపీ తీసి పెట్టుకోండి. కిటికీ మీద స్టిక్కర్ ఊడి ఉంటే మళ్లీ అంటించండి.

4. సీరీస్ బోర్డు మీద మొదటిసారి ఆన్

బల్బు ఒక్కసారి గట్టిగా వెలిగి తగ్గితే మంచిదే. గట్టిగా వెలిగి అలాగే ఉంటే ప్రైమరీలో షార్ట్ ఉంది: రెక్టిఫైయర్, స్విచింగ్ ట్రాన్సిస్టర్, పెద్ద కెపాసిటర్ ఈ వరసలో చూడండి. బల్బు ఆరి వెలుగుతూ కొట్టుకుంటుంటే కంగారు పడకండి. స్విచింగ్ సప్లైకి సరిపడా వోల్టేజ్ అందకపోయినా అలాగే చేస్తుంది. షార్ట్ లేదని తేల్చుకోవడానికే బల్బు, స్కోప్‌ని నడిపించడానికి కాదు. షార్ట్ లేదనిపించాక నేరుగా ప్లగ్గులో పెట్టండి.

వేరియాక్‌తో (వోల్టేజ్‌ని తిప్పి మార్చే ట్రాన్స్‌ఫార్మర్‌తో) సున్నా నుంచి మెల్లగా పెంచడం లీనియర్ సప్లైకి మంచి పద్ధతి. స్విచింగ్ సప్లైకి కాదు. తక్కువ వోల్టేజ్‌లో అది ఎక్కువ కరెంటు లాగి స్విచింగ్ ట్రాన్సిస్టర్‌ని కాల్చేయొచ్చు.

ఆఫ్ చేశాక ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్ మీద ఆ 10 కిలోఓమ్ రెసిస్టర్‌ని పదిహేను సెకన్లు పట్టి, మీటర్‌తో సున్నాకి దగ్గరగా ఉందని చూశాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. మెరుపు పెద్దదే వస్తుంది, కెపాసిటరూ దెబ్బతింటుంది.

ప్రైమరీ వైపు రెండో స్కోప్‌తో చూడాలంటే, రిపేరులో ఉన్న స్కోప్‌ని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టండి. కొలిచే స్కోప్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టి "ఫ్లోట్" చేయడం చాలామందికి అలవాటు. అప్పుడు ఆ స్కోప్ బాడీ మొత్తం లైవ్ అవుతుంది. అది మాత్రం చేయకండి.

5. వోల్టేజ్‌లు కొలవండి

మాన్యువల్‌లో రిఫరెన్స్ సప్లై ఏదో ఉంటుంది, మిగతావన్నీ దాన్ని చూసి నడుస్తాయి. మొదట దాన్నే కొలవండి. తర్వాత మిగిలినవి, ఒక్కోదాని డీసీ విలువ, రెండో స్కోప్‌తో రిపుల్. కాగితం మీద రాసుకోండి.

ఇక్కడే ఎక్కువమంది చెడగొట్టుకునేది. 5.00 రావాల్సిన చోట 5.03 కనిపించగానే ట్రిమ్మర్ తిప్పేస్తారు. మాన్యువల్ ఇచ్చిన హద్దుల్లో ఉంటే ముట్టుకోకండి. రిఫరెన్స్ కదిలితే దాని వెనక గెయిన్, స్వీప్ (గీత అడ్డంగా నడవడం) వేగం, ఫోకస్ అన్నీ కదులుతాయి.

6. రెండు మోడ్‌లలో పోల్చండి

ఇదీ అసలు పని. ముందు క్యాలిబ్రేటర్ అవుట్‌పుట్ నుంచి స్క్వేర్ వేవ్ ఇచ్చి, ఐదు డివిజన్ల (తెర మీది పెద్ద గడుల) ఎత్తున పెట్టి, అనలాగ్, డిజిటల్ మార్చి మార్చి చూడండి.

రెండింటిలోనూ ఒకే తప్పు ఉంటే (వేవ్ మూలలు వంగడం, ఎత్తు తక్కువ కావడం, ఫోకస్ లేకపోవడం, ఒక చానల్ రాకపోవడం) అది ఉమ్మడి భాగం. అటెన్యుయేటర్, ప్రీయాంప్, అవుట్‌పుట్ యాంప్, ట్యూబు, సప్లై. డిజిటల్ బోర్డు జోలికి పోనక్కర్లేదు.

డిజిటల్‌లో బాగుండి అనలాగ్‌లో గీత లేకపోతే ట్యూబు, హైవోల్టేజ్ బాగున్నట్టే. స్వీప్ జనరేటర్, అనలాగ్ ట్రిగ్గర్ (గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది) నుంచి వచ్చే గేటు, బీమ్‌ని వెలిగించే దారి చూడండి. ఆటో ట్రిగ్గర్‌లో పెట్టారో లేదో కూడా చూడండి. నార్మల్‌లో ఉండి సిగ్నల్ లేకపోతే ఖాళీ తెర రావడం ఫాల్ట్ కాదు.

అనలాగ్‌లో బాగుండి డిజిటల్‌లో తేడా అయితే, అది నిజంగా పాడవడమా, ఏలియాసింగా (శాంప్లింగ్ వేగం చాలక లేని వేవ్ కనిపించడమా) అన్నది ముందు తేల్చాలి. ఇలా చేసి చూడండి. టైమ్‌బేస్ డివిజన్‌కి 1 మిల్లీసెకన్‌లో పెట్టండి. డివిజన్‌కి 100 బిందువులు తీసుకునే స్కోప్ అయితే శాంప్లింగ్ వేగం సెకనుకి లక్ష. ఇప్పుడు 100.1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఇవ్వండి. డిజిటల్‌లో పది డివిజన్లకి ఒక్క చక్రంతో అందమైన 100 హెర్ట్జ్ వేవ్ కనిపిస్తుంది. ట్రిగ్గర్ నిలవక అది జారుతూ ఉండొచ్చు. అనలాగ్‌కి మారిస్తే నిండైన వెలుగు పట్టీ. అక్కడ 100 హెర్ట్జ్ అన్నదే లేదు. మీకు "వింతగా" కనిపించిన వేవ్ టైమ్‌బేస్ మార్చిన ప్రతిసారీ ఫ్రీక్వెన్సీ మార్చుకుంటుంటే అదే సంగతి, స్కోప్ బాగానే ఉంది.

2230 లాంటివి అనలాగ్‌లో 100 మెగాహెర్ట్జ్ చూపిస్తాయి గానీ శాంప్లింగ్ సెకనుకి 2 కోట్లే. ఒక్కసారే జరిగే సంఘటనని పట్టాలంటే, చక్రానికి పది బిందువులు కావాలనుకుంటే, 2 మెగాహెర్ట్జ్ వరకే నమ్మకం. ముందు ప్యానెల్ మీద 100 అని ఉంది కదా అని డిజిటల్‌లోనూ అంతే ఆశిస్తే ఆ తప్పు స్కోప్‌ది కాదు.

ఏలియాసింగ్ కాదని తేలితే నెమ్మదైన ట్రయాంగిల్ వేవ్ ఇవ్వండి, తెర ఎత్తు దాదాపు నిండేలా. బాగున్న స్కోప్‌లో వాలు నునుపుగా ఉంటుంది. ఎనిమిది బిట్ల ఏడీసీలో 256 మెట్లు, డివిజన్‌కి సుమారు 25, కాబట్టి ఒక్కో మెట్టు కంటికి ఆనదు. 16 విలువున్న బిట్ సున్నా దగ్గర ఇరుక్కుపోతే వాలు కొంత ఎక్కి, సుమారు 0.6 డివిజన్ కిందికి పడి, మళ్లీ ఎక్కి, దాదాపు అంతే ఎత్తు పైకి గెంతుతుంది. ఇప్పుడు పొజిషన్ నాబ్‌తో వేవ్‌ని పైకీ కిందికీ జరపండి. పగుళ్లు తెర మీద అదే ఎత్తున నిలిచి ఉంటే ఏడీసీ గానీ డీఏసీ గానీ. వేవ్ ఏదైనా పగులు ఎప్పుడూ అదే అడ్డ స్థానంలో ఉంటే మెమరీ, లేదా దాని అడ్రస్ లైన్లు. చాలా మోడళ్లలో తెర మీది అక్షరాలు కూడా డీఏసీ నుంచే వస్తాయి. అక్షరాలు శుభ్రంగా ఉండి వేవ్ ఒక్కటే విరుగుతుంటే తప్పు సిగ్నల్‌ని లోపలికి తీసుకునే వైపు ఉంది, అక్షరాలూ విరిగితే తెర మీద చూపించే వైపు ఉంది.

ఏ ఐసీనీ మార్చేముందు సాకెట్లలో ఉన్నవాటిని కొద్దిగా పైకి లేపి మళ్లీ నొక్కండి, రిబ్బన్ కనెక్టర్లు తీసి ఆల్కహాల్‌తో తుడిచి పెట్టండి. విచిత్రమైన డిజిటల్ ఫాల్ట్‌లు చాలావరకు ఇక్కడే తీరిపోతాయి.

7. స్విచ్‌లు, నాబ్‌లు

గరగరమనే పొటెన్షియోమీటర్లకి కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేసి ఇరవై సార్లు తిప్పండి. అటెన్యుయేటర్ మాత్రం వేరు. అందులో స్ప్రే కొట్టకండి. మిగిలిన జిడ్డు వల్ల లీకేజీ వచ్చి అధిక ఇంపెడెన్స్ దారి చెడుతుంది. మందపాటి కాగితపు చీలికని ఐసోప్రొపైల్‌లో తడిపి కాంటాక్టుల మధ్య పెట్టి మెల్లగా లాగండి. బంగారు పూత ఉన్నచోట గీకొద్దు.

8. క్యాలిబ్రేషన్

కనీసం అరగంట ఆన్‌లో ఉంచాకే మొదలుపెట్టండి. చల్లగా ఉన్నప్పుడు సరిచేసింది వేడెక్కాక తప్పుతుంది. వరస ఇది: సప్లై, ట్యూబు (ఫోకస్, ఆస్టిగ్మాటిజమ్, గీత అడ్డంగా నిలవడం), డీసీ బ్యాలెన్స్, వర్టికల్ గెయిన్, స్క్వేర్ వేవ్ మూలలు, టైమ్‌బేస్, ట్రిగ్గర్. డిజిటల్ సర్దుబాట్లు అన్నిటికంటే చివర, ఎందుకంటే అవి అనలాగ్‌తో కలిసేలా సరిచేసేవి. ముందు డిజిటల్ సర్ది తర్వాత ఉమ్మడి గెయిన్ కదిపితే రెండూ పోయినట్టే. పీఎం33 వరస లాంటివాటిలో ఆటోక్యాల్ ఉంటుంది, వేడెక్కాక దాన్ని నడిపితే సగం పని అదే చేసుకుంటుంది.

ట్రిమ్మర్ తిప్పే ముందు దాని ప్రస్తుత స్థానాన్ని మార్కర్‌తో గుర్తు పెట్టండి. తిప్పినా ఏ మార్పూ లేకపోతే వెనక్కి పెట్టేయండి. ఎక్స్‌వై మోడ్‌లో (అడ్డంగా కూడా స్వీప్ బదులు సిగ్నలే నడిపే మోడ్‌లో) చుక్క నిలిచి ఉంటే వెలుగు బాగా తగ్గించండి, లేకపోతే ఫాస్ఫర్ కాలి మచ్చ పడుతుంది.

సరిగా వచ్చిందో లేదో ఇలా చూడండి

వర్టికల్: తెలిసిన వోల్టేజ్ ఇచ్చి ఐదు డివిజన్లు పెట్టండి. 3 శాతం హద్దు అంటే 0.15 డివిజన్, అంటే ఒక చిన్న గీత కంటే తక్కువ. ప్రతి రేంజిలోనూ చూడండి, ఒక్క రేంజి మాత్రమే తప్పితే అటెన్యుయేటర్ కాంటాక్టు.

టైమ్‌బేస్: క్వార్ట్జ్ నుంచి వచ్చే 1 కిలోహెర్ట్జ్ ఇచ్చి 1 మిల్లీసెకన్‌లో చూడండి. రెండో గీత మీద ఒక అంచు కలిపితే పదో గీత మీద కూడా అంచు కలవాలి. స్కోప్ సొంత క్యాలిబ్రేటర్‌ని దీనికి నమ్మకండి, చాలా మోడళ్లలో దాని ఎత్తు కచ్చితం గానీ ఫ్రీక్వెన్సీ కాదు.

బ్యాండ్‌విడ్త్: 50 ఓమ్ టెర్మినేటర్ పెట్టి తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆరు డివిజన్లు సర్దండి. ఇచ్చే ఎత్తు మారకుండా ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోతే 4.2 డివిజన్లకి తగ్గిన చోటే బ్యాండ్‌విడ్త్. 100 మెగాహెర్ట్జ్ స్కోప్‌కి రైజ్ టైమ్ (అంచు 10 నుంచి 90 శాతం ఎత్తుకి ఎక్కే సమయం) సుమారు 3.5 నానోసెకన్లు రావాలి (0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వచ్చేది). టెర్మినేటర్ మరిచిపోతే కొలత అంతా అబద్ధం.

రెండు మోడ్‌లు: అదే స్క్వేర్ వేవ్ మీద బటన్ మార్చినప్పుడు వేవ్ ఎత్తూ స్థానమూ కంటికి తెలిసేంతగా కదలకూడదు.

చివరగా కవర్ బిగించి, ఫ్యాన్ తిరుగుతుండగా రెండు మూడు గంటలు వదిలేసి పైవన్నీ మరోసారి చూడండి. కవర్ లేకుండా బాగున్నది మూశాక వేడికి తప్పడం మామూలే.

ఎక్కడ ఆపాలి

వెలుగు పూర్తిగా పెంచినా గీత మసకగానే ఉండి, హైవోల్టేజ్, హీటర్ సరిగానే ఉన్నాయంటే ట్యూబు అయిపోయింది. కంపెనీ తనకోసం చేయించుకున్న హైబ్రిడ్ ఐసీ గానీ, హైవోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ పోతే కొత్తది దొరకదు. అదే మోడల్ ఇంకో పాడైన స్కోప్ చూసుకోవడమే దారి. డిజిటల్ బోర్డు ఒక్కటే చచ్చి, అది లేకుండా కూడా మీ మోడల్ ఆన్ అవుతుందంటే, అనలాగ్ స్కోప్‌గా వాడుకోండి. 100 మెగాహెర్ట్జ్ అనలాగ్ స్కోప్ ఇప్పటికీ బల్ల మీద చోటుకి తగినదే.